పెట్టెకు ఎన్ని పొరలన్నది రెండో ప్రశ్న

మా చిన్నాన్న కొడుకు కొళత్తూరులో పొడులు, పచ్చళ్ళ వ్యాపారం మొదలుపెడుతున్నాడు. ఈమధ్య ఫోను చేసి, "అక్కా, అట్టపెట్టెలు ఎక్కడ చేయించాలి?" అని అడిగాడు. ఎలాంటివి కావాలిరా అంటే తడుముకోకుండా చెప్పాడు: "ఫైవ్ ప్లై, అంటే అయిదు పొరల అట్ట. అందరూ అదే అంటున్నారు. ఫైవ్ ప్లై వేయిస్తే ఇక బెంగ ఉండదట."

చెన్నైలో చిన్నచిన్న వ్యాపారాలు చేసుకుంటున్న మన తెలుగువాళ్ళ నోట ఈ మాట తరచూ వింటుంటాను. మంచి మనసుతోనే చెబుతారు. అయినా ఇది రెండో ప్రశ్నకు చెప్పాల్సిన జవాబు. మొదటి ప్రశ్న ఎవరూ అడగడం లేదు. పైనుంచి పడే బరువును లోపలి సరుకు తానే మోయగలదా, లేక ఆ భారమంతా పెట్టె గోడల మీదే పడుతుందా? ఇది తేలకుండా పొరలు లెక్కపెట్టుకుంటూ పోతే ఒకచోట డబ్బు దండగ, ఇంకోచోట సరుకు దండగ. ఫోనులో వాడికి ఇదంతా వివరంగా చెప్పడం కుదరలేదు. వాడితో పాటు ఇంకొందరికి కూడా పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

మాది గానుగ నూనెల వ్యాపారం. నువ్వుల నూనె, వేరుశనగ నూనె గాజు సీసాల్లోనూ పంపుతాం, లీటరు ప్లాస్టిక్ కవర్లలోనూ పంపుతాం. మా వదిన చేయించే వడియాలు, అప్పడాలు కూడా అదే చిరునామా నుంచి వెళ్తాయి. నెల్లూరు, తిరుపతి, విజయవాడల్లోని దుకాణాలకు లారీ పార్సిల్లో, విడిగా అడిగేవాళ్ళకు కొరియర్లో. మూడు రకాల సరుకు, మూడింటికీ మూడు స్వభావాలు. ఒకే పెట్టె మూడింటికీ సరిపోదని నేర్చుకున్నది ఈ సరుకు దగ్గరే.

సీసా వేరు, కవరు వేరు

నూనె ఒకటే. సీసాలో పోస్తే దానికి కావలసిన పెట్టె ఒకటి, కవరులో పోస్తే కావలసిన పెట్టె దానికి పూర్తిగా వ్యతిరేకం.

గాజు సీసా నిలువుగా నిలబడి ఉన్నప్పుడు పైనుంచి వచ్చే బరువును చాలా బాగా మోస్తుంది. పెట్టె ఎత్తు సీసా ఎత్తుకు సరిగ్గా కుదిరి, పైమూత సీసాల మూతలకు ఆనుకుని ఉంటే, పైన పేర్చిన పెట్టెల భారం సీసాల గుండా నేరుగా కిందికి దిగిపోతుంది. అట్ట గోడలకు పెద్దగా పని ఉండదు. సీసాకు ప్రమాదం పక్కనుంచి వస్తుంది, అడుగునుంచి వస్తుంది. లారీ కుదుపులో సీసా సీసాకు కొట్టుకోవడం, దించేటప్పుడు పెట్టె అడుగు నేలకు గట్టిగా తగలడం. అందుకని డబ్బు పెట్టవలసింది లోపలి గడుల అట్టలమీద, అడుగున వేసే మెత్త మీద. లీటరు సీసాలు ఆరు పట్టే పెట్టె ఎనిమిది తొమ్మిది కిలోలు తూగుతుంది. దానికి మంచి కాగితంతో చేసిన త్రీ ప్లై పెట్టె, లోపల గట్టి గడులు ఉంటే చాలు. గడులు లేని ఫైవ్ ప్లై పెట్టెలో పెట్టిన సీసాలు ఒకదాన్నొకటి పగలగొట్టుకుంటాయి, గోడ ఎంత మందంగా ఉన్నా సరే.

కవరు సంగతి వేరు. అది నిలబడలేదు. పైన బరువు పడితే లోపలి నూనె ఒత్తుకుని అతుకు మీదకు తన్నుతుంది. కాబట్టి భారంలో ఒక్క కిలో కూడా కవరు దాకా రాకూడదు, అంతా పెట్టే మోయాలి. లీటరు కవర్లు పన్నెండంటే నూనె ఒక్కటే పదకొండు కిలోలు. లారీలో ఆరు వరుసల ఎత్తు పేరిస్తే అడుగు పెట్టె నెత్తిన 55 కిలోలు. సెంట్రల్ స్టేషను పక్కన వాల్‌టాక్స్ రోడ్డులో పార్సిల్ ఆఫీసుల ముందు నిలబడి చూస్తే ఏం జరుగుతుందో కళ్ళకు కడుతుంది. ఒకసారి ఎవరిదో నూనె సరుకు దించుతున్నారు. అడుగు వరుసలో ఒక పెట్టె మూల నల్లగా తడిసి ఉంది. లోపల ఒక్క కవరు కారింది, అంతే. ఆ మూల మెత్తబడగానే దాని పైది ఆ వైపుకు ఒరిగింది, దాని పైది ఇంకొంచెం. కూలీ పైపెట్టె మీద చెయ్యి వేయగానే మొత్తం దొంతర పక్కకు జారింది. అక్కడున్న పెద్దాయన ఒకాయన పెట్టెల వైపు కూడా చూడకుండా "కవర్ల సరుకా?" అని అడిగారు. ఆయనకు అనుభవం మీద తెలుసు.

అందుకే కవర్ల పెట్టెకు నేను ఫైవ్ ప్లై వేయిస్తాను. ఆ సలహాతో నాకున్న పేచీ అది ఎప్పుడూ తప్పని కాదు, ఎందుకన్నది చెప్పకుండా ఇస్తున్నారని. కవర్ల పెట్టెలో కూడా మధ్యన నిలువు అట్ట ఒకటి వేస్తే చాలా మేలు. అయితే దాని ఎత్తు పెట్టె లోపలి ఎత్తుతో సమానంగా ఉండాలి. రెండు వేళ్ళు తగ్గిందంటే అది కవర్లను విడదీస్తుందే తప్ప బరువు మోయదు.

వడియాలు మూడో రకం. వాటి బరువు వాటికి లెక్కలోనిది కాదు, పక్కవాళ్ళ బరువే భయం. మన పార్సిలు మీద ఎవరు ఏం పెడతారో మన చేతిలో లేదు.

కాగితం గురించి ఎవరూ అడగరు

ఫైవ్ ప్లై అంటే మూడు చదును కాగితాలు, వాటి మధ్య రెండు అలల కాగితాలు. త్రీ ప్లైలో రెండు చదునువి, ఒకటి అలలది. ఆ కాగితాలు ఎలాంటివన్న విషయం పొరల సంఖ్యలో ఎక్కడా లేదు. కాగితానికి రెండు లెక్కలుంటాయి. ఒకటి జీఎస్ఎం, చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందన్నది. రెండోది బీఎఫ్, అంటే బర్స్ట్ ఫ్యాక్టర్. ఈ రెంటినీ గుణించి వెయ్యితో భాగిస్తే ఆ కాగితం చదరపు సెంటీమీటరుకు ఎన్ని కిలోల ఒత్తిడికి చిరుగుతుందో వస్తుంది.

ఇప్పుడు లెక్క చూడండి. 100 జీఎస్ఎం, 16 బీఎఫ్ కాగితాలతో చేసిన ఫైవ్ ప్లైలో ఒక్కో చదును కాగితం బలం 1.6. మూడు కలిపి 4.8. అలల కాగితాలకు సగం విలువే కట్టే వాడుక ప్రకారం రెంటికీ కలిపి ఇంకో 1.6. మొత్తం 6.4. అదే 180 జీఎస్ఎం, 22 బీఎఫ్ కాగితాలు రెండు, మధ్యన 150 జీఎస్ఎం, 18 బీఎఫ్ అల ఒకటి వేసిన త్రీ ప్లైలో మొత్తం 9.2 దాటుతుంది. పొరలు తక్కువ, బలం ఎక్కువ. మన దేశంలో అట్టపెట్టెలకు వాడే క్రాఫ్ట్ కాగితం చాలావరకు పాత కాగితం నుంచే తయారవుతుంది. తిప్పి వాడిన ప్రతిసారీ దాని పీచు పొట్టిదవుతుంది, బలం తగ్గుతుంది. కాగితానికీ కాగితానికీ ఇంత తేడా రావడానికి అదొక కారణం.

పెట్టెలవాళ్ళు చెప్పిన జీఎస్ఎం నిజమో కాదో ఇంట్లోనే చూసుకోవచ్చు. నేను ప్రతి కొత్త సరుకులోంచీ ఒక పెట్టె తీసి చూస్తాను. గోడలోంచి ఒక ముక్క కోసి బేసిన్ నీళ్ళలో నానబెడితే పొరలను పట్టి ఉంచిన పిండి జిగురు కరిగిపోయి, కాగితాలు ఒకదాన్నుంచి ఒకటి ఊడివస్తాయి. అలల కాగితం నీళ్ళలో సాగి ముక్క కంటే పొడుగ్గా తేలుతుంది. అన్నిటినీ బాగా ఆరబెట్టి, చదును చేసి, ఒక్కోదాన్నీ పది సెంటీమీటర్ల చదరంగా కత్తిరించి, బంగారం తూచే చిన్న కాటాలో పెడితే సరి. 1.8 గ్రాములు వస్తే 180 జీఎస్ఎం. 1.2 వస్తే 120. చెప్పింది 180, కాటాలో 140 రావడం నేను చూశాను. ఆ ముక్కలను ఒక కవరులో వేసి తీసుకెళ్ళి పెట్టెలాయన బల్లమీద పెడితే గొంతు పెంచాల్సిన పని లేదు. బీఎఫ్ మాత్రం ఇంట్లో తేలదు, యంత్రం కావాలి. 1966లో ఏర్పడిన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్యాకేజింగ్‌కు చెన్నైలో శాఖ ఉంది. పెద్ద ఆర్డరు ఇచ్చేముందు అలాంటి చోట పరీక్ష చేయించుకోవడం మంచిది.

ఇక్కడ నా వాదనకే ఒక అడ్డు ఉంది, దాన్ని దాటవేయలేను. చిరుగుడు బలం ఒకటి, దొంతరలో అడుగున నలిగిపోకుండా నిలబడే బలం ఇంకొకటి. 9.2 పెద్దదే అయినా, అది చెప్పేది గోడను ఒకచోట గట్టిగా ఒత్తితే చిరగకుండా ఎంతవరకు ఆగుతుందన్నదే. నిలువు భారానికి అట్ట అంచు ఎంత గట్టిగా నిలబడుతుందన్నది, అట్ట ఎంత మందంగా ఉందన్నది ముఖ్యం. మందంలో ఫైవ్ ప్లైదే పైచేయి. కాబట్టి "మంచి కాగితం త్రీ ప్లై ఎప్పుడూ మేలు" అని నేనూ అనలేను. చెత్త కాగితం ఫైవ్ ప్లైని నమ్ముకుని నిశ్చింతగా ఉండొద్దంటాను, అంతవరకే. కవర్ల పెట్టె చేయించేటప్పుడు బర్స్ట్ లెక్కతో సరిపెట్టుకోకుండా, పెట్టెను నిలువుగా నొక్కితే ఎన్ని కిలోల దగ్గర నలుగుతుందో ఆ అంకె అడగాలి. దాన్ని బాక్స్ కంప్రెషన్ అంటారు. పైన చెప్పిన 55 కిలోల భారానికి నేనైతే దానికి నాలుగయిదు రెట్లు, అంటే 220 నుంచి 275 కిలోలు మోసే పెట్టె అడుగుతాను. అన్ని రెట్లు ఎందుకో తేమ దగ్గర తెలుస్తుంది.

ఇంకొకటి, చూసి పట్టుకోగలిగేది. అట్టలోని అలలు పెట్టెలో నిలువుగా ఉండాలి. పెట్టెను మూత తెరిచి నిలబెట్టి గోడ పై అంచులోకి చూస్తే అలల కన్నాలు కనిపించాలి. షీటు మిగులుతుందని అట్టను అడ్డంగా తిప్పి కోసే చోట్లు ఉన్నాయి. అలాంటి పెట్టె ఎన్ని పొరలదైనా చప్పున కుంగిపోతుంది.

పెద్ద పెట్టె మీద మోజు

ఒకే పెద్ద పెట్టెలో అంతా సర్దేస్తే ఖర్చు కలిసివస్తుందన్నది ఇంకో నమ్మకం. నా ఉద్దేశంలో పొరల సంగతి కన్నా దీనివల్లే ఎక్కువ నష్టం.

పెట్టె మోసే బలాన్ని లెక్కకట్టే సూత్రం ఒకటుంది. అమెరికాలో మెక్కీ అనే ఆయన, ఆయన తోటివాళ్ళు 1963లో ప్రచురించారు. పరిశ్రమ ఇప్పటికీ దాన్ని వాడుతోంది. దాని ప్రకారం పెట్టె బలం అంచు బలానికి నేరుగా, అట్ట మందానికీ పెట్టె చుట్టుకొలతకూ వర్గమూలం చొప్పున పెరుగుతుంది. ఆ వర్గమూలంలోనే ఉంది అసలు సంగతి. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు అన్నీ రెట్టింపు చేయండి. లోపలి సరుకు ఎనిమిది రెట్లవుతుంది. చుట్టుకొలత రెండింతలు, కానీ బలం పెరిగేది 1.4 రెట్లే. దొంతరలో వరుసలు సగమవుతాయి కదా అనుకున్నా భారం నాలుగు రెట్లు. అదే అట్టతో చేసిన పెద్ద పెట్టె చిన్న పెట్టె కంటే ఎంత అధ్వానంగా భారం మోస్తుందో దీన్నిబట్టి తెలుస్తుంది. భారంలో ఎక్కువ భాగం మోసేది నాలుగు మూలలే, ఇంటికి స్తంభాల్లాగా. పెట్టె ఎంత పెరిగినా మూలలు నాలుగే, మధ్య గోడ మాత్రం పొడుగై ఉబ్బిపోతుంది.

ఇది అంకెల వరకే ఆగదు. ఇరవై అయిదు కిలోల పెట్టెను ఒక మనిషి ఎలా దించుతాడో చూడండి. లారీ అంచుదాకా లాగుతాడు, మోకాలి మీదకు జార్చుకుంటాడు, అక్కడినుంచి వదిలేస్తాడు. అతన్ని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. రోజంతా అదే పని చేసే మనిషి నడుము కన్నా నా నూనె ఎక్కువేం కాదు. పది పన్నెండు కిలోల పెట్టెను అదే మనిషి రెండు చేతులతో పట్టుకుని కింద పెడతాడు. మా సరుకు బరువు పెట్టెకు పన్నెండు కిలోలు దాటకూడదని నేను పట్టుబట్టడానికి ఇదే పెద్ద కారణం. ఏ సూత్రమూ లేకపోయినా అదే చేసేదాన్ని.

వడియాల దగ్గర పెద్ద పెట్టె ఇంకోరకంగా దెబ్బకొడుతుంది. కొరియర్లు చాలావరకు పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించి, వచ్చిన అంకెనూ అసలు బరువునూ పోల్చి, ఏది ఎక్కువైతే దానికి డబ్బు తీసుకుంటాయి. మూడు కొలతలూ 30 సెంటీమీటర్లున్న పెట్టె 5.4 కిలోల కింద లెక్క. ఒక్కో కొలతలో అయిదేసి సెంటీమీటర్లు తగ్గిస్తే 3.1. లోపల రెండు కిలోల వడియాలే ఉంటే ఆ తేడా అంతా గాలికి కట్టిన డబ్బు. నూనెకు ఈ బాధ లేదు, దాని అసలు బరువే ఎప్పుడూ ఎక్కువ. ఒక సరుకుకు పనికొచ్చిన సలహా ఇంకో సరుకుకు పనికిరాదని నేను మళ్ళీమళ్ళీ అనేది ఇందుకే.

మన ఊరి గాలి

పెట్టెల పట్టికల్లో ఉండే అంకెలన్నీ పొడిగా ఉండే గదిలో, కొత్త పెట్టె మీద తీసినవి. చెన్నై అలాంటి గది కాదు. గాలిలో తేమ 90 శాతానికి చేరితే అట్ట తన మోసే బలంలో దాదాపు సగం పోగొట్టుకుంటుంది. నెల రోజులు బరువు కింద ఉంటే ఇంకొంత పోతుంది. ఇటుకలు పేర్చినట్టు ఒకదాని మీద ఒకటి అడ్డదిడ్డంగా పేరిస్తే, మూల మీద మూల పడదు కాబట్టి ఉన్నదాంట్లోనూ సగం దాకా పోతుంది. ఇవన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి. నాలుగయిదు రెట్లు అడగమన్నది ఇందుకే.

మాకు ఏడాదిలో ఎక్కువ సరుకు వెళ్ళేది దీపావళికి. ఈశాన్య రుతుపవనాలు వచ్చేదీ అక్టోబరులోనే. బరువైన నెలలూ తడి నెలలూ ఒకటే కావడం ఈ తీరంలో వ్యాపారం చేసేవాళ్ళు తప్పించుకోలేని విషయం. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చినప్పుడు నగరంలో గోడౌన్లలోకి నీళ్ళు చేరాయి. వరద దాకా పోనక్కర్లేదు, మామూలు ముసురు చాలు. ఖాళీ పెట్టెలను నేలమీద, గోడకు ఆనించి పెడితే అవి సరుకు ఎక్కకముందే సగం చచ్చిపోతాయి. చెక్కల మీద, గోడకు జానెడు ఎడంగా, పడుకోబెట్టి, ప్లాస్టిక్ పట్టా కప్పి ఉంచాలి. కట్టలను పురికొసతో బిగించి కడితే అంచులు నలిగి అలలు చితికిపోతాయి. వదులుగా కట్టమని చెప్పాలి. ముందు వచ్చినవి ముందు వాడాలి.

పెట్టె నిండా రంగులు, బొమ్మలు అచ్చు వేయించే మోజు గురించి కూడా ఒక మాట. అచ్చుయంత్రం రోలర్ల మధ్య నలిగినచోట అలలు అణిగిపోతాయి. ఒక పక్క పేరు, చిన్న గుర్తు, "ఈ వైపు పైకి" అనే బాణం గుర్తు, అంతకు మించి నేను వేయించను.

పెట్టుబడి మాట

దీనికంతటికీ అసలైన అభ్యంతరం మా అంబత్తూరు పెట్టెలాయన చెప్పారు. ఆయనదీ నెల్లూరు వైపే. "అమ్మా, మీరు చెప్పింది నిజమే. కానీ చిన్న వ్యాపారికి మూడు సైజులంటే మూడు ఆర్డర్లు. తక్కువ పెట్టెలకు మిషను ఎక్కించలేను. ఒకే సైజు, ఒకే రకం అయితే రేటూ కలుస్తుంది, ఇంట్లో చోటూ కలుస్తుంది" అన్నారు. ఇది కొట్టిపారేయగలిగిన మాట కాదు. ఇంటి వరండాలో వ్యాపారం చేసేవాళ్ళకు పెట్టెల కట్టలు పెట్టుకునే చోటే పెద్ద సమస్య. మా తమ్ముడికి ఉన్నది రెండు గదులు.

దీని మీద నేను చాలా ఆలోచించాను. రకాలు పెంచకుండానే ఒక దారి ఉందనిపించింది. పెట్టె ఒకే సైజు ఉంచి, లోపలి అట్టలు మార్చడం. గడుల అట్ట సీసాలకు, పూర్తి ఎత్తు నిలువు అట్ట కవర్లకు. అయితే ఆ ఒక్క పెట్టె అన్నిటిలోకి కష్టమైన సరుకుకు తగ్గట్టుగా ఉండాలి, అది తప్పదు. వడియాల్లాంటి తేలిక సరుకుకు మాత్రం వేరే చిన్న పెట్టె తప్పనిసరి, ఎందుకంటే అక్కడ మిగిలే కొరియర్ డబ్బే ఆ పెట్టె ఖర్చు తీర్చేస్తుంది. చెన్నైలో ప్యారీస్ కార్నర్ వీధుల్లో రెడీమేడ్ పెట్టెలు దొరుకుతాయి, తక్కువ సంఖ్యలో కావాలంటే అవి నయం. ఒకసారి వాడిన పాత పెట్టెలు ఊళ్ళో వడియాలు పంపడానికి నేనూ వాడతాను, పారేయడం కన్నా అదే మంచిది. నూనెకు మాత్రం వద్దు. మడతల దగ్గర వాటి బలం అప్పటికే పోయి ఉంటుంది.

ధర బేరమాడేవాళ్ళు ఒక సంగతి తెలుసుకుని ఆడాలి. 2025 సెప్టెంబరులో అట్టపెట్టెల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. అదే సమయంలో క్రాఫ్ట్ కాగితం మీద 18 శాతానికి పెరిగింది. కొన్నదాని మీద కట్టిన పన్ను, అమ్మినదాని మీద వచ్చే పన్ను కన్నా ఎక్కువై చిన్న పెట్టెల తయారీదారుల డబ్బు ఇరుక్కుంటోంది. పన్ను తగ్గిందిగా, ఇంకా తగ్గించండి అని వాళ్ళను మరీ నొక్కితే ఆ తగ్గింపు కాగితంలోంచే వస్తుంది, 180 అని చెప్పి 140 ఇవ్వడంలో.

కాబట్టి తమ్ముడికి నేను చెప్పేది ధర తగ్గించమని కాదు, కాగితం రాయించమని. కొటేషను మీద ప్రతి పొరకూ జీఎస్ఎం, బీఎఫ్, పెట్టె మొత్తానికి ఎన్ని కిలోల కంప్రెషనో రాసివ్వమని అడగాలి. మా పెట్టెలాయన మొదట, "ఇవన్నీ రాస్తే రేటు పెరుగుతుందమ్మా" అన్నారు. పెరిగింది కూడా, కొంచెం. ఇచ్చాను. పచ్చడి సీసాలకు త్రీ ప్లై, గట్టి గడులు. పొడుల కవర్లకు చిన్న పెట్టె. పచ్చడి కూడా కవర్లలో పంపాలనుకుంటే మాత్రం, ఒరే తమ్ముడూ, అప్పుడు ఫైవ్ ప్లై వేయించు. పది పెట్టెలు చేయించి, నిండుగా సర్ది, తడి రోజుల్లో ఒకదాని మీద ఒకటి వారం పాటు పేర్చి ఉంచి చూడు. ఆర్డరు ఆ తర్వాత ఇద్దువు గాని.